కరీబియను సముద్రయానము – పోయినవారి పేర్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



పుష్య మాఘ మాసములు గుంటూరు, ప్రకాశము సీమల రైతునకు తీరిక లేని దినములు. నల్లరేగడి చేలలో ఒకప్రక్క ప్రత్తితీత, మరియొక ప్రక్క మిరపకోత. కల్లములో కాయ ఎండవలెను. మంచు పడినచో కాయ తాలు పోవును; మబ్బు పట్టినచో రైతు గుండె చెదరును. కూలీలకై పొరుగు జిల్లాలకు మనుష్యులను పంపవలసినంత పని. ఆ దినములలో ఊరు విడిచి పొమ్మన్నను కదలువాడు లేడు.

సరిగా ఆ దినములలోనే భూగోళమునకు ఆవలిప్రక్కన వేలకొలది జనులు పని మాని ఓడ నెక్కుదురు. అమెరికా ఖండమున ఉత్తర దక్షిణ భాగముల నడుమ, మాల విసరినట్లు దీవులు పరచుకొన్న కరీబియను సముద్రము కలదు. క్యూబా, జమైకా, గ్వాడెలూప్, మార్టినిక్, బార్బడోస్, ట్రినిడాడ్ మొదలగునవి ఆ దీవులు. ఉత్తర దేశములయందు మంచు కురిసి వీథులు గడ్డకట్టిన వేళ ఆ సముద్రము మన కార్తిక మాసపు పగలువలె వెచ్చగా నుండును. జూన్ మొదలు నవంబరు దాక అచ్చట తుపానుల కాలము. ఆ తుపానునకు హరికేన్ అని పేరు. అది ఆ దీవుల ఆదివాసులైన టైనోల మాటనుండి పుట్టినది. డిసెంబరు వచ్చునప్పటికి తుపానుల భయము తీరి, ఈశాన్యమునుండి వాణిజ్య పవనములు నిలుకడగా వీచును. అందుచేత డిసెంబరు మొదలు ఏప్రిలు వరకు అది విహారనౌకల ఋతువు.

ఈ విహారము నిన్న మొన్న పుట్టినది కాదు. సరకులు మోయుటకు గాక, ఊరక తిరిగి చూచుటకే కట్టిన మొదటి ఓడ జర్మనులది. దాని పేరు ప్రిన్జెస్సిన్ విక్టోరియా లూయిసె. అది 1901 జనవరిలో న్యూయార్కునుండి బయలుదేరి ఈ దీవులకే వచ్చినది. 1906 డిసెంబరులో జమైకా తీరపు రాళ్ళకు తగిలి పాడైపోయినది. 2024 జనవరిలో మయామీ రేవునుండి తొలియాత్ర సాగించిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అను ఓడ పొడవు 365 మీటర్లు. అందు ఇరువది అంతస్తులు కలవు. 7,600 మంది యాత్రికులకు చోటు కలదు. మన యూళ్ళ జనాభాతో పోల్చిచూచిన, రెండు మూడు గ్రామములు పశువులు తప్ప సమస్తముతో కదలి సముద్రముమీదికి పోయినట్లే.

ఇది మనకు సంబంధము లేని విషయమని తలపరాదు. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు ప్రాంతములనుండి అమెరికాకు పోయి స్థిరపడిన బిడ్డలు, క్రిస్మసు సెలవులలో తలిదండ్రులను మయామీనుండియో, గాల్వెస్టనునుండియో ఈ యోడల నెక్కించుచున్నారు. అట్లు పోవువారు ముందు చూచుకొనవలసిన సంగతి యొకటి కలదు. సందర్శకుల వీసాతో అమెరికాలో నున్నవారు ఓడలో ఆ దేశపు ఎల్ల దాటి మరల లోపలికి రావలెనన్న, ఒకటికంటె నెక్కువ మారులు ప్రవేశింపదగిన వీసా యుండవలెను. ఏ దీవి కేమి యనుమతి కావలెనో టిక్కెట్టు కొనకముందే విచారింపవలెను. శాకాహారులు ఆ సంగతి ముందుగానే వ్రాసి తెలుపవలెను. ఈ మూడు జాగ్రత్తలు పడినచో తక్కినదంతయు ఓడవారి చేతిలోనిదే.

సముద్రము దాటుట తగునా యని పెద్దలు పూర్వ మడిగిరి. బౌధాయన ధర్మసూత్రమున సముద్రయానము పతనీయ కర్మలలో చేర్చబడినది. అయినను మన తీరమువారు ఓడ యెరుగనివారు కారు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయశాసనము నేటికిని నిలిచియున్నది. తుపానునకు చిక్కి ఒడ్డున పడిన ఓడల సరకును పూర్వపు రాజులు లాగికొనెడివారు. అట్లు చేయక, ఏర్పరచిన సుంకము మాత్రమే గైకొందుమని ఆ ప్రభువు పరదేశ వర్తకుల కభయ మిచ్చెను. మార్కోపోలో వ్రాసిన ముత్ఫిలి ఈ మోటుపల్లియే యని చరిత్రకారులు చెప్పుదురు. శాస్త్రమున నిషేధ మున్నను రేవున సుంకము వసూలగుచునే యుండెను.

ఒక చిత్రము గమనింపుడు. ఆ శాసనము చెక్కిన నాటికి ఆంధ్రదేశమున మిరపకాయ లేదు. గణపతిదేవుని వంటయింటనైనను కారమన్న మిరియపు కారమే. మిరప అమెరికా ఖండపు పంట. 1492లో కొలంబసు కరీబియను దీవులకు చేరి, హిస్పానియోలా దీవిలో ప్రజలు అజీ యని పిలుచుకొను కాయను చూచి, అది వారి మిరియమని తన దినచర్యలో వ్రాసికొనెను. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి యోడలలో అది భారతదేశమున దిగెను. నేడు గుంటూరు మిర్చియార్డులో బస్తాలు చూచినవాడు ఈ కాయ పరదేశి యన్న నమ్మునా? పొగాకు కథయు నంతియే. కొలంబసు మనుష్యులు దానిని 1492లో క్యూబాలో చూచిరి. అది ఒంగోలు, చీరాల ప్రాంతములకు బ్రతుకుతెరువైనది. ప్రత్తి మనకు ప్రాచీన కాలమునుండి కలదు. కాని నేడు మన చేలలో విరివిగా పండు పొడవుపింజె ప్రత్తిజాతి ఆ ఖండమునుండి వచ్చినదే. మనమును ఊరక పుచ్చుకొనలేదు. ఒంగోలు జాతి పశువులు పందొమ్మిదవ శతాబ్దమున ఓడ నెక్కి బ్రెజిలు చేరినవి; నెలోర్ అను పేరుతో అవి నేడక్కడి మందలకు మూలమైనవి.

కాయ వచ్చిన కథ, గిత్త పోయిన కథ గ్రంథములలో నున్నవి. మనుష్యులు పోయిన కథయే మన యూళ్ళలో ఎవరికిని తెలియదు.

ఆ దీవులలో తెల్లదొరలకు చెరకుతోటలు కలవు. ఆ తోటలలో ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు పనిచేసిరి. బ్రిటిషు పార్లమెంటు 1833లో చట్టము చేయగా 1838 ఆగస్టు 1వ తేదీకి వారికి పూర్తి విముక్తి కలిగెను. విడుదలయైనవాడు కొరడా క్రింద మరల పనిచేయునా? తోటల యజమానుల దృష్టి భారతదేశము మీద పడెను. 1838 జనవరిలో విట్‌బీ, హెస్పెరస్ అను రెండోడలు 414 మందితో కలకత్తా విడిచి, మే 5వ తేదీన దక్షిణ అమెరికా తీరముననున్న బ్రిటిషు గయానా చేరినవి. దారిలో పదునెనిమిదిమంది చనిపోయిరి. శీతకాలమున కరీబియను ప్రాంతమునకు భారతీయులు చేసిన తొలి సముద్రయాన మది. వారు విహారమునకు పోలేదు. అయిదేండ్ల ఒడంబడికమీద వ్రేలిముద్ర వేసి పోయిరి. ఆ ఒడంబడికకు అగ్రిమెంటు అను మాట నోట తిరగక గిర్మిట్ అని పేరు పెట్టిరి.

1845 మే 30వ తేదీన ఫతేల్ రజాక్ అను ఓడ ట్రినిడాడునకు తొలి భారతీయులను చేర్చెను. ఆ యేడే మదరాసు రేవునుండి గయానాకు ఓడలు సాగినవి. ఫ్రెంచివారు పుదుచ్చేరి, కారైకాల్ రేవులనుండి 1853లో మార్టినిక్ దీవికి, 1854లో గ్వాడెలూప్ దీవికి మన దక్షిణాదివారిని కొనిపోవ మొదలిడిరి. 1917లో ఈ పద్ధతి నిలిపివేయబడువరకు గయానాకు సుమారు 2,39,000 మంది, ట్రినిడాడునకు సుమారు 1,44,000 మంది, గ్వాడెలూప్‌నకు సుమారు 42,000 మంది పోయిరి. వీరిలో అధిక సంఖ్యాకులు కలకత్తా రేవున ఎక్కిన ఉత్తరాదివారు. మదరాసు రేవున ఎక్కిన తమిళులు, తెలుగువారు అందరిని కలిపి అచ్చట మదరాసీ లనిరి. మన తెలుగువారు ఎక్కువగా పోయినది బర్మాకు, మారిషసునకు, నేటాలునకు, ఫిజీకి. కోరంగి రేవునుండి పోయినందున మారిషసులో తెలుగువారికి కొరంగీలని పేరు పడినది. అయినను కరీబియను తోటలకు చేరిన తెలుగువారును కలరు.

ఎందుకు పోయిరి? ఆశ చూపిన మేస్త్రీ లుండిరి, మోసపుచ్చినవారు నుండిరి. వానికంటె బలమైన కారణము ఆకలి. నందన సంవత్సరపు కరువున, అనగా 1832–33లో, గుంటూరు సీమలో లక్షకు మించిన జనము నశించిరి. డొక్కలు బయటపడిన ఆ కరువును డొక్కల కరువని జనులు పిలిచిరి. పిమ్మట ధాత, ఈశ్వర సంవత్సరములలో, అనగా 1876–78లో, దక్షిణదేశ మంతటను మహాక్షామము వచ్చెను. కృష్ణానది కాలువ పారని మెట్ట గ్రామమున నిరుపేద కూలికి నాలుగు త్రోవలే మిగిలినవి: బిచ్చము, వలస, ఓడ, మరణము.

ఓడ ప్రయాణ మెట్టిదో వినుడు. తెరచాప ఓడకు మూడు మాసములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టెడిది. ఆఫ్రికా కొనన గల గుడ్‌హోప్ అగ్రమును చుట్టి, సెయింట్ హెలీనా దీవి మీదుగా, అట్లాంటికు సముద్రము దాటవలెను. దూరము రమారమి 11,000 మైళ్ళు. ప్రతివాని మెడలో సంఖ్య గల తగరపు బిళ్ళ కట్టెడివారు. బియ్యము, పప్పు, నేయి, పసుపు, చింతపండు, మిరపకాయ కొలతప్రకారము ఇచ్చెడివారు. కొలంబసు చూచిన కాయ మూడున్నర శతాబ్దములకు మన కూలివాని పళ్ళెములో తన పుట్టినింటికి తిరిగి పోయినదన్న మాట. 1856–57 సంవత్సరమున కలకత్తానుండి కరీబియనునకు సాగిన ఓడలలో నూటికి పదునేడుగురికి పైగా దారిలోనే చనిపోయిరి. వారి కొరివి పెట్టువాడు లేడు, పిండము పెట్టువాడు లేడు. వారికి సముద్రమే శ్మశాన మైనది.

అయినను ఆ యోడలలో ఒక వింత జరిగినది. ఊరిలో ఒకరి నీడ ఒకరు తొక్కనివారు అచ్చట ఒకే పొయ్యి కూడు తినవలసివచ్చెను. ఒకే యోడలో పోయినవారు ఒకరినొకరు జహాజీ భాయి యని పిలుచుకొనిరి. అనగా ఓడ తోబుట్టువు. ఆ చుట్టరికము రక్తబంధమువలె నిలిచినది. జహాజీ భాయి బిడ్డను తన బిడ్డవలె చూచిరి. పెండ్లిలో, చావులో అన్నదమ్ములు చేయు పని వారు చేసిరి. ఇంతకాలము శాస్త్రము చదివినవారు చేయలేని పని ఆకలి మూడు మాసములలో చేసినది.

ఒడంబడిక తీరి, ఆ మీద మరియొక అయిదేండ్లున్నవారికి తిరుగు ప్రయాణపు హక్కు కలదు. కొందరు తిరిగి వచ్చిరి. మూడింట రెండు వంతులకు పైబడినవారు అచ్చటనే మిగిలిపోయిరి. వారి సంతతి చదువుకొన్నది, మంత్రులైనది, ప్రధానులైనది. గ్వాడెలూప్‌లో పుట్టిన హెన్రీ సిదంబరం అను మన దక్షిణాది సంతతివాడు, భారతీయులకు పౌరహక్కు లియ్యవలెనని 1904 మొదలు 1923 వరకు న్యాయస్థానములలో పోరాడి సాధించెను. ఆ దీవిలో మారియమ్మ కోవెల లున్నవి. మన దక్షిణాదివారు తీసికొనిపోయిన మసాలా పొడి కొలంబో అను పేరుతో గ్వాడెలూప్, మార్టినిక్ దీవుల ప్రజలందరి వంటయైనది. వెస్టిండీసు జట్టున 2012లో టెస్టు ఆట కెక్కిన గయానా బౌలరు పేరు వీరాసామి పెరుమాళ్. ఆ పేరు వినగానే మన చెవి నిక్కును. మాట మరచిపోయినను, లిపి మరచిపోయినను, పేరు మిగిలినది.

ఇప్పుడు పేరును గూర్చియే చెప్పవలసియున్నది.

మన గ్రామముల లెక్కలు గట్టివని పేరు. అడంగలులో ప్రతి చేను ఎక్కును; చేనిలో ఏ పంట వేసినది ఎక్కును; గట్టున నున్న తుమ్మచెట్టును, పోరంబోకులోని తాటిచెట్టును ఎక్కును. చిట్ఠాలో పట్టాదారు పేరు, వాని శిస్తు పైసలతో సహా ఎక్కును. కాని పట్టా లేనివానికి చిట్ఠాలో పేరు లేదు. పుట్టినవాడు జనన రిజిష్టరులో ఎక్కును, చచ్చినవాడు మరణ రిజిష్టరులో ఎక్కును. ఓడ ఎక్కినవాడు చావలేదు గనుక మరణములలో లేడు. భూమి లేదు గనుక చిట్ఠాలో లేడు. తాటిచెట్టునకు దొరికిన పంక్తి వానికి దొరకలేదు. ఈ పద్ధతి ఏ యొక్క కరణము తప్పును కాదు. శిస్తు వచ్చుదానినే లెక్కించుమన్న ప్రభుత్వపు పద్ధతి. 1984లో కరణముల ఉద్యోగములే పోయినవి. ఆ లెక్కలలో లేనివాడు లేనివాడుగనే యుండిపోయెను.

విచిత్ర మేమన, వాని ఊరు మరచిన ఆ పేరును వానిని కొనిపోయిన ఓడ వ్రాసికొన్నది. ప్రతి కూలికి ఒక రిజిష్టరు పంక్తి కలదు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చ వ్రాసిరి. ఆ రిజిష్టరులు కొన్ని శిథిలమైనను పెక్కు ట్రినిడాడ్, గయానా దేశముల జాతీయ భాండాగారములలో నేటికిని కలవు. అచ్చటి మనుమలు, మునిమనుమలు ఆ పుటలు తిరుగవేసి, తాత యూరేదో తెలిసికొన వెదకుచున్నారు. దొరకినను చిక్కు తీరదు. ఇంగ్లీషు గుమాస్తా చెవికి తోచినట్లు వ్రాసినాడు. తండ్రి పేరున్నది గాని ఇంటిపేరునకు గడియే లేదు. ఇంటిపేరు లేక మన తెలుగు ఊరిలో మనుష్యుని పోల్చుట యెట్లు?

జిల్లా పేరు మరియొక చిక్కు. 1859లో గుంటూరు జిల్లా రద్దయి కృష్ణా జిల్లాలో కలిసెను. 1904లో మరల వేరయ్యెను. అంతవరకు ఒంగోలు నెల్లూరు జిల్లాలో నుండెను. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడి 1972లో ప్రకాశము జిల్లా యైనది. 2022లో బాపట్ల, పల్నాడు జిల్లాలు వచ్చినవి. కనుక 1875లో పోయిన బాపట్ల తాలూకా మనుష్యుని రిజిష్టరులో కృష్ణా జిల్లా యని యుండును. ఒంగోలు వాడు నెల్లూరు వాడని యుండును. ఈ సంగతి తెలియని పరదేశి మనుమడు మచిలీపట్నము చుట్టును, నెల్లూరు చుట్టును తిరిగి, తన ఊరి పొలిమేర త్రొక్కకయే తిరిగి పోవును. వానికి దారి చూపుట కష్టమైన పని కాదు. పాత తాలూకాలు, ఊళ్ళ మారుపేర్లు, ఎత్తిపోయిన పల్లెల పేర్లు ఎరిగిన వృద్ధులు మన యూళ్ళలో ఇంకను కొందరున్నారు. వారు పోయిన పిమ్మట చెప్పువారుండరు.

అందుచేత ఈ రజతోత్సవమున గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. అది పెద్ద ఖర్చు లేనిది. ఒక గట్టి అట్ట పుస్తకము కుట్టించి, దానికి ‘పోయినవారి పుస్తకము’ అని పేరు పెట్టవలెను. అందు గళ్ళు ఆరు చాలును: పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, పోయిన యేడు, పోయిన దేశము, ఈ సంగతి చెప్పినదెవరు అనునవి. కరీబియనునకు పోయినవారే కానక్కరలేదు. రంగూను రేవులో మూటలు మోయ పోయినవారు, యుద్ధకాలమున బర్మానుండి నడచి వచ్చినవారు, మారిషసు, నేటాలు, ఫిజీలకు పోయినవారు, మొన్న మొన్న డల్లాసునకు పోయినవారు – అందరును అందు ఎక్కవలెను. చెప్పినవారి పేరు గడి తప్పక యుండవలెను. ఏలయన విన్నమాటకు, చూచినమాటకు భేదము తెలియవలెను. సంవత్సరము తెలియనిచోట ఏ కరువునకు ముందో, ఏ తుపానునకు తరువాతనో వ్రాసినను చాలును. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనకు ముందా వెనుకా యని అడిగినచో మన తీరమున చెప్పలేని వృద్ధుడు లేడు. కులమును బట్టి ఎవరిని విడువరాదు. మొదట పల్లెలకు, గూడెములకు పోయి అడుగవలెను; ఓడ ఎక్కినవారిలో పెక్కురు ఆ యిండ్లవారే.

ఇది గ్రంథాలయమున కేల యని కొంద రడుగవచ్చును. వేటపాలెమున 1918లో పుట్టిన సారస్వత నికేతనము గ్రంథములతోపాటు పాత పత్రికలను కాపాడినందుననే నేడు దూరదేశముల పండితులు ఆ యూరికి వెదకికొని వచ్చుచున్నారు. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడిల నడుమ కాలువమీద పడవలో గ్రంథాలయము నడిపి, గ్రంథములను పాఠకుల గుమ్మము ముందునకు చేర్చిరి. గ్రంథాలయ మన్నది అచ్చుపడిన పుస్తకములు దాచు బీరువా మాత్రమే కాదని ఆ పెద్దలు చూపిరి. అచ్చుపడని సంగతిని వ్రాసి నిలుపుటయు దాని ధర్మమే.

ఇక విహారనౌక నెక్కు భాగ్యము గలవారితో ఒక మాట. ఆ యోడ సుఖమైనది. ఆ సముద్రము సుందరమైనది. అనుభవించుటలో దోష మేమియు లేదు. బిడ్డలు సంపాదించి తలిదండ్రులకు లోకము చూపుట పుణ్యమే. కాని ఓడ గ్వాడెలూప్‌లోనో, మార్టినిక్‌లోనో లంగరు వేసినప్పుడు, అంగడులు చూచిన పిమ్మట ఒక గంట మిగుల్చుకొనుడు. మారియమ్మ కోవెల ఎచ్చట నున్నదో అడుగుడు. పూజారి పేరు, వాని తాత యూరు అడుగుడు. వారు చెప్పిన ఊరి పేరు మీకు వింతగా తోచినను నవ్వక, వినినది వినినట్లు చీటీమీద వ్రాసికొని, తెచ్చి ఈ గ్రంథాలయమున ఇండు. నూరేండ్లుగా ఎవరికిని పనికిరాని ఆ శబ్దములో మన తాలూకాలోని పల్లె యొకటి దాగియుండవచ్చును.

మిరపకాయ ఏ యోడలో వచ్చినది మనము నేర్చుకొంటిమి. ఒంగోలు గిత్త ఏ దేశమున తిరుగుచున్నది నేర్చుకొంటిమి. ఆ మిరప కోసిన చేతులు, ఆ గిత్తను కాచిన చేతులు ఏ రేవున దిగినవో తెలిసికొనుట తరువాయి. వచ్చు ఉగాదికి మొదటి పుట వ్రాయుట కారంభించినచో, ఏబదియవ వార్షికోత్సవము నాటికి ఈ యూరి లెక్క కొంతవరకు సరిపడును.